లోపలి వరస

మూడేళ్లకోసారి, కోతలయ్యాక వచ్చి ఇంటి ముందు నిలబడి ఆ ఇంటి వంశం చెప్పే పెంచలయ్యకు ఇంతవరకు ఏ ఇంట్లోనూ పీట వెయ్యలేదు. తిన్నె కింద నిలబడి పేర్లు చెప్పడం, కండువా పట్టి వడ్లు పోయించుకోవడం, గోడ నీడన కూర్చుని కూడు తిని లేచిపోవడం, తాతల నాటి నుంచి అంతే. అట్లాంటిది ఆ గురువారం నల్లమిట్టలో నారాయణ నాయుడు వాకిట్లోకి ఎదురొచ్చి, "రా పెంచలయ్యా, కింద నిలబడతావేంది, పైకి రా" అని తిన్నె మీద పీట వేయించాడు. ఆ పీటను చూసినప్పుడే అనుమానపడాల్సింది. పడలేదు. అరవై దాటిన మనిషి, పాకాల నుంచి ఎండలో నడిచొచ్చాడు, మోకాళ్లు పీకుతున్నాయి, పీట కనబడింది, కూర్చున్నాడు.

తిన్నె మీద ఇంకొకాయన కూడా ఉన్నాడు. చలవ చేసిన పంచె, కళ్లద్దాలు, చేతిలో విసనకర్ర. "మావోళ్లే, చిత్తూరు నుంచి వచ్చినారు" అన్నాడు నాయుడు. ఆయన నవ్వాడు తప్ప నోరు విప్పలేదు.

"ముందు మా వంశం చెప్పు, ఇనాల."

పెంచలయ్యకు కూర్చుని చెప్పడం చేతగాదు. దిగి నిలబడ్డాడు. సంచిలోంచి చేతిగంట తీసి మూడుసార్లు కొట్టి, కళ్లు మూసుకుని, కుడిచేతి బొటనవేలు చిటికెన వేలి మొదటి కణుపు మీద పెట్టాడు. కణుపుకొక తరం. వేలు జరిగితే పేరు దానంతటది నోట్లోకొస్తుంది.

"చెంగమ నాయుడు! నెల్లూరు సీమ ఇడిసి, నల్లమిట్టకొచ్చి, ముండ్లకంప కొట్టి కయ్యి చేసి, రాయి పగలగొట్టి బాయి తవ్విన చెంగమ నాయుడు! ఆ చెంగమ నాయుడికి కొడుకులు ఇద్దరు. పెద్దోడు అంకమ నాయుడు, చిన్నోడు మునెప్ప నాయుడు. అంకమ నాయుడి కొడుకు రంగప్ప నాయుడు, రంగప్ప నాయుడి కొడుకు ఈ ఇంటి దొర నారాయణ నాయుడు. మునెప్ప నాయుడి కొడుకు దొరసామి నాయుడు, దొరసామి నాయుడి కొడుకు వెంకటముని నాయుడు..."

చెబుతున్నంతసేపూ ఎడమ చెయ్యి కండువా కింద పిడికిలి బిగించే ఉంది. ఆ చేతి కణుపుల మీద ఉండేది వేరే వరస. పైకి చెప్పే వరస ఇంటివాళ్లు ఒప్పుకున్నది. లోపలి వరస జరిగింది జరిగినట్టు ఉండేది: ఎవరిని ఎక్కడి నుంచి తెచ్చి పెంచుకున్నారు, ఎవరు ఎవరి కడుపున పుట్టి ఎవరి ఇంట పెరిగారు, అదంతా. దాన్ని ఒక్క పనికే తెరవాలి. ఫలానా ఇంటితో వియ్యమందవచ్చునా అని ఇంటి పెద్ద అడిగినప్పుడు, ఆ పెద్ద చెవిలో మాత్రమే చెప్పాలి. తెలియక అన్నాచెల్లెళ్లను పెండ్లిపీటల మీద కూర్చోబెట్టే పాపం జరగకుండా చేసుకున్న కట్టుబాటు అది. పెంచలయ్య వాళ్ల నాయన ఆ మాట ఒట్టేయించుకుని మరీ ఎడమచేతి వరస నేర్పాడు.

"కూర్చో, కూర్చో" అన్నాడు నాయుడు. తమలపాకుకు సున్నం రాస్తూ రాస్తూ గొంతు తగ్గించాడు. "నాకు ఆడబిడ్డ ఉండాది గదా, పంకజాక్షి. దాని సంగతే నిన్నడగల్ల. గురవమ్మ కొడుకు వెంకటముని బుద్ధిమంతుడు. పని చేసేదాంట్లో వాడికి జోడు లేడు. బిడ్డను ఆ ఇంట్లో ఇచ్చి, రెండిండ్లూ ఒకటి చేద్దామని నాకుండాది."

పెంచలయ్య గంట సంచిలో పెట్టబోతూ ఆగాడు. "అదెట్ల దొరా? ఇద్దురూ చెంగమ నాయుడి వంశమే గదా. వెంకటముని ఆ బిడ్డకు చిన్నాయన అయితాడు."

"అందుకే గదా నిన్ను పిలిచింది. మా అవ్వ చనిపోయే ముందర ఏందో గొణిగింది, ఆ ఇల్లు మన రక్తం గాదు అని. నాకు సరిగ్గా తెలీదు. నీ ఎడమచేతిలో ఏముండాదో నువ్వే చెప్పల్ల."

అప్పుడే పంకజాక్షి మజ్జిగ చెంబు తెచ్చింది. వాళ్ల నాయన మాట చెవినబడి గడపలోనే ఆగిపోయింది. చెంబు పెంచలయ్య ముందు దించి తలెత్తకుండా లోపలికి వెళ్లిపోయింది. సిగ్గు పడింది బిడ్డ, అనుకున్నాడు పెంచలయ్య. మనసంతా చల్లబడింది. ఒక బావి, రెండిళ్లు, డెబ్భై ఏళ్లు. మళ్లీ ఒక్క పొయ్యి అవుతుందంటే అంతకంటే ఏం కావాలి! వంశాలు చెప్పేవాడికి ఇట్లాంటి రోజు ఎన్నిసార్లు వస్తుంది!

"ఆయన..." అంటూ విసనకర్ర మనిషి వైపు చూశాడు.

"ఆయన చేతి మీదుగానే పెండ్లి మాటలు జరగాల. దాపరికం లేదు, చెప్పు."

చెవిలో చెప్పాల్సింది గొంతెత్తి చెప్పాడు. తప్పు అక్కడ జరిగింది. ఆ మాట తర్వాత వెయ్యిసార్లు తనకు తానే చెప్పుకున్నాడు.

"డెబ్భై ఏండ్ల కిందటి ధాత కరువులో, దొరా. నాయుడుపేట తట్టు నుంచి జనం గంజి కోసరం తిరపతికి నడిచినారు గదా. పోలేరమ్మ అనే ఆయమ్మ ఈ బాయి కాడికొచ్చి కూలబడింది. చంకన మూడేండ్ల పిల్లోడు. చెంగమ నాయుడికి అప్పటికే పెండ్లాం పోయింది, అంకమ నాయుడు పెద్దోడు. నీళ్లిచ్చినాడు, కూడు పెట్టినాడు, ఆనక తాళి కట్టినాడు. ఆ పిల్లోడే మునెప్ప. మీవోళ్లే, కులం ఒకటే, గోత్రం వేరే. మా తాత వంశం చెప్పను వస్తే చెంగమ నాయుడు ఆ పిల్లోణ్ణి భుజానికెత్తుకుని వచ్చి, నాకు కొడుకులు ఇద్దరు, అట్లే చెప్పు అన్నాడంట. మా తాత అట్లే చెప్పినాడు, మా నాయనా అట్లే చెప్పినాడు. రక్తం మాత్రం వేరే, దొరా. పెండ్లికి అడ్డం లేదు."

నారాయణ నాయుడు ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. విసనకర్ర ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాయుడు లేచి లోపలికెళ్లి, మామూలుగా ఇచ్చే చేటెడు వడ్లకు బదులు మూడు చేటలు పోయించి, పైన కొత్త పంచె కూడా పెట్టాడు. పెంచలయ్య ఆయనకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

*

మరుసటి రోజు శుక్రవారం. నల్లమిట్టలో రాత్రి పడుకున్నచోట నుంచి లేచి, నేరుగా బావి దగ్గరికి వెళ్లాడు. ఆ బావి నీళ్లు రెండిళ్లకూ దినం మార్చి దినం. శుక్రవారం గురవమ్మ వాళ్ల వంతు.

వెంకటముని ఎడ్లు కట్టి నీళ్లు తోడే కపిలి తోలుతున్నాడు. ఎడ్లు వాలు దిగుతుంటే మోకు మీద కూర్చుని ఒళ్లంతా బరువు వేసి వెనక్కి వాలుతాడు. గిలక కిర్రుమంటుంది. బాన పైకొచ్చి తోలుతొండం తొట్టిలో భళ్లున నీళ్లు పోస్తుంది. వెంటనే దిగి ఎడ్లను వెనక్కి నడిపిస్తాడు. తెల్లారగట్ల మొదలుపెట్టినవాడు ఎండ నెత్తికెక్కేదాకా అదే పని. కింద పొలంలో గురవమ్మ చీర ఎగ్గట్టుకుని, పార పట్టుకుని కయ్యి కయ్యికి నీటి మడవలు తిప్పుతోంది. యాభై ఏళ్ల మనిషి. మొగుడు దొరసామి పోయి ఆరేళ్లయింది. కాలవ గట్టు ఎక్కడ జారుతుందో అక్కడ పిడికెడు మట్టి తీసి పెట్టి, మడమతో తొక్కి, మళ్లీ ముందుకు పోతోంది.

"వచ్చినావా పెంచలయ్యా! రెండు దినాలుగా నీకోసరమే కాచుకోనుండాను" అంది.

"కాచుకోకుండా ఎట్లుంటావు తల్లీ! ఇంట్లో మేళం మోగబోతా ఉంటే వంశం చెప్పేవోడు కావద్దా?" పెంచలయ్య నోరు చెవులదాకా సాగింది. వెంకటముని వైపు తిరిగి, "ఏమబ్బయ్యా, మూతి ముడుచుకోనుండావే! బాసికాలకు మొగం కడుక్కోబ్బా" అన్నాడు.

"ఏం మేళం?" అంది గురవమ్మ.

"నాతో దాపరికమేంది తల్లీ! నారాయణ నాయుడే చెప్పినాడు. పంకజాక్షినీ మనోణ్ణీ..."

గురవమ్మ పార గట్టున పెట్టింది. నవ్విందనుకున్నాడు గాని నవ్వలేదు.

"పంకజాక్షిని తిరపతిలో ఇస్తాండారు. పోయిన నెల్లోనే తాంబూలాలు మార్చుకున్న్యారు. ఊరంతా తెలుసు. నీతో ఎవురన్నారు ఇట్ల?"

పెంచలయ్య భుజాన ఉన్న సంచి గట్టున దించాడు.

"మాకూ ఆయప్పకూ కోర్టులో నడస్తాండాది పెంచలయ్యా. నీకు తెలీదా? బాయికి ఆయిల్ ఇంజను బిగిస్తాడంట. చెరుకు ఏస్తాడంట. బాయి మొత్తం నాదే, మీకు వంతు లేదు, మా పెద్దోళ్లు దయ తలిచి ఇన్నాళ్లు నీళ్లిచ్చినారు అంటాండాడు. సోమవారం వాయిదా. ఈ నీళ్లు పోతే ఇంగేముండాది మాకు! రెండెకరాల కయ్యి బీడు పెట్టి, నేనూ నా కొడుకూ కూలికి పోవల్ల." ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "మా వకీలు చెప్పినాడు. చెంగమ నాయుడికి ఇద్దురు కొడుకులని ఎవురన్నా చెప్తే చాలంట. కాగితాలు లేకపోయినా, వంశం చెప్పే మనిషి మాట నిలబడతాదంట. నువ్వొకడివే ఉండావు మాకు. మూడేండ్లకోసారి మా వాకిట్లో చెప్పేది ఆడ ఒగసారి చెప్పు. కొత్తగా ఏమీ వద్దు."

పెంచలయ్య తలూపాడు. ఊపినవాడు ఊపుతూనే ఉన్నాడు. ఇప్పుడు చెప్పెయ్యాలి, నిన్న నోరు జారానని చెప్పెయ్యాలి, అని లోపల కొట్టుకుంటోంది. చెబితే ఈ తల్లి మొహం ఎట్లా అవుతుందో ఊహించుకున్నాడు. చెప్పలేదు. పిరికితనం, ఇంకేం కాదు.

బావి గట్టున సంగటి ముద్ద, నంచుకోవడానికి ఊరిబిండి పెట్టింది. పెంచలయ్య ముద్ద ముట్టలేదు. నీళ్లు తాగి, "ఎండ దెబ్బ తల్లీ" అన్నాడు. వెంకటముని ఎడ్లను నిలిపి వచ్చి, "మా ఇంట్లో పడుకో పెంచలయ్యా, నాలుగు దినాలు యాడికీ పోవద్దు" అన్నాడు. ఆ పిలగాడి గొంతులో ఉన్న నమ్మకం వినలేక లేచి నిలబడ్డాడు.

*

నారాయణ నాయుడి తిన్నె మీద ఈసారి పీట లేదు. నాయుడు చాప పరుచుకుని కూర్చుని పనివాళ్లతో చింతపండు పీచు తీయిస్తున్నాడు.

"పెండ్లని అంటివి గదా దొరా" అన్నాడు పెంచలయ్య, కింద నిలబడే.

"అంటి."

"తిరపతిలో ఇస్తాండావంట గదా బిడ్డను."

"ఇస్తాండా. నాకేమన్నా పిచ్చా, ఆ ఇంట్లో ఇచ్చేదానికి?" నాయుడు దాచుకోలేదు, తలొంచుకోలేదు. అదే పెంచలయ్యకు ఎక్కువ నొప్పి కలిగించింది. "ఇట్ల అడగకపోతే నువ్వు చెప్పుంటావా? మీ తాతల నుంచి ఎడమచెయ్యి మూసిపెట్టుకోని తిరగతాండారు. దాన్ని తెరిపించేదానికి ఇదొకటే దారి. సోమవారం చిత్తూరుకు రా. నీ పేరుతో సమన్లు తయారైనాయి. నిన్న ఈడ చెప్పిందే ఆడ చెప్పు."

"నాయుడా, అది పెండ్లికి తప్ప..."

"అబద్ధం చెప్పమన్న్యానా నిన్ను? నిజమే చెప్పమంటాండా గదా! చెంగమ నాయుడికి పుట్టినోడు మా తాత ఒగడే. అవునా కాదా?"

"అవును దొరా."

"అయితే నీకేం నొప్పి?"

పెంచలయ్య తలెత్తాడు. "నేను చెప్పింది నిజమే దొరా. నువ్వు అడిగింది అబద్ధం" అన్నాడు.

నాయుడు పనివాళ్ల వైపు తిరిగి గింజలు తీసేవాళ్లను కసిరాడు.  పెంచలయ్య సంచిలోంచి కొత్త పంచె తీసి తిన్నె అంచున పెట్టి బయటకొచ్చాడు. దాన్ని తిరిగి ఇచ్చేస్తే మాట తిరిగి వస్తుందా! రాదని తెలుసు. ఒళ్లు మండిపోతోంది. మోసం చేసినవాడి మీద ఎంత మంటో, మోసపోయిన తన మీద అంతకు రెట్టింపు. అన్నదమ్ముల పిల్లల్ని కాపాడ్డానికి పెట్టిన కట్టుబాటును పట్టుకునే ఆ మనిషి లోపలికి చొరబడ్డాడు. దొంగ కన్నం వెయ్యలేదు, తలుపే తట్టాడు. తానే లేచి గడియ తీశాడు.

*

సోమవారం బొగ్గుబస్సు చిత్తూరు చేరేసరికి పదిగంటలు దాటింది. యుద్ధం అయిపోయి ఏడాదవుతున్నా ఆ బస్సుకు ఇంకా పెట్రోలు రాలేదు. మిట్ట వచ్చినప్పుడల్లా జనం దిగి నడిచారు. గురవమ్మ నడిచినంతసేపూ పెంచలయ్య పక్కనే నడిచింది. "గంట తెచ్చినావా? గంట కొట్టనిస్తారో లేదో అడగల్ల" అంది ఒకసారి. అతడు ఊఁ అన్నాడు.

కోర్టు హాల్లో నారాయణ నాయుడి పక్కన నల్లకోటు వేసుకుని కాగితాలు తిప్పుతున్న వకీలును చూడగానే పెంచలయ్య గడపలోనే ఆగిపోయాడు. కళ్లద్దాలు అవే. విసనకర్ర లేదు, అంతే తేడా. "సుందరరాజు వకీలు, పెద్ద ఘటం" అని పక్కనెవరో గొణిగారు. మావోళ్లే అని తిన్నె మీద కూర్చోబెట్టింది ఈయన్నా! ఇంటి పెద్ద చెవిన కూడా గొంతు తగ్గించి చెప్పాల్సిన మాటను తాను వకీలు ముందు గొంతెత్తి చెప్పాడు.

బోనెక్కించి ప్రమాణం చేయించారు. దేవుడి ఎదుట నిజమే చెబుతాను అని పలికాడు. అతని జీవితంలో ఆ మాట పలకడం అదే మొదటిసారి. ఎందుకంటే ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"నల్లమిట్ట చెంగమ నాయుడి వంశం చెప్పు" అన్నాడు సుందరరాజు, నవ్వు మొహంతో.

పెంచలయ్య కళ్లు మూశాడు. గంట లేదు. కుడి బొటనవేలు చిటికెన వేలి మీదికి వెళ్లింది. "చెంగమ నాయుడు. నెల్లూరు సీమ ఇడిసి, నల్లమిట్టకొచ్చి, ముండ్లకంప కొట్టి కయ్యి చేసి..." అక్కడ ఒక్క క్షణం ఆగాడు. కండువా కింద ఎడమచేతి బొటనవేలు తనంతట తాను కదులుతోంది. డెబ్భై ఏళ్ల నిజం కణుపు మీద కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి బయటికి లాగి బోను కర్రను గట్టిగా పట్టుకున్నాడు. "ఆ చెంగమ నాయుడికి కొడుకులు ఇద్దరు. పెద్దోడు అంకమ నాయుడు, చిన్నోడు మునెప్ప నాయుడు."

వకీలు మొహంలో నవ్వు పోయింది. "ఇద్దరా? సరిగ్గా ఆలోచించుకుని చెప్పు."

"ఇద్దురు సామీ."

"పోయిన గురువారం నారాయణ నాయుడిగారి తిన్నె మీద కూర్చుని నువ్వు ఏం చెప్పావు? ధాత కరువులో పోలేరమ్మ అనే దిక్కులేని ఆడమనిషి, మూడేళ్ల పిల్లవాణ్ణి చంకన వేసుకుని ఆ బావి దగ్గరికి వచ్చిందనీ, ఆ పిల్లవాడే మునెప్ప అనీ, వాడు చెంగమ నాయుడికి పుట్టలేదనీ, వాళ్ల రక్తమే వేరనీ నువ్వు చెప్పలేదా?"

 పెంచలయ్య కళ్లు తెరిచాడు. ఎదురుగా బల్ల మీద తల్లి పక్కన కూర్చున్న వెంకటముని కనిపించాడు. ఆ పిలగాడు వకీలు వైపు చూడటం లేదు, పెంచలయ్య వైపు చూడటం లేదు. తల్లి మొహంలోకి చూస్తున్నాడు. గురవమ్మ మాత్రం నేల చూస్తోంది.

"చెప్పలేదు సామీ."

"మీ దగ్గర లోపలి వరస అని ఒకటి ఉంటుంది కదా?"

"అట్లాంటిది లేదు సామీ."

"నేను నా చెవులారా..." అని నాలుక కరుచుకున్నాడు సుందరరాజు.

"మీరు ప్రశ్నలడగండి, సాక్ష్యం చెప్పకండి" అన్నాడు జడ్జి, కలం ఎత్తకుండానే. వెనక బల్లల మీద ఒకరిద్దరు నవ్వారు.

మధ్యాహ్నానికి ఉత్తర్వు చదివారు. నీళ్లు ఆపించమన్న నాయుడి అర్జీ కొట్టేశారు. కేసు తేలేదాకా పాత వంతులే సాగాలి, ఇంజను బిగించకూడదు. గురవమ్మ తరఫు ముసలి వకీలు బయటకొచ్చి, "వాళ్ల సాక్షే మన సాక్షి అయినాక ఇంగ కేసేముందమ్మా, ధైర్యంగా పో" అన్నాడు.

మెట్ల దగ్గర నారాయణ నాయుడు అడ్డమొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు పెంచలయ్య. కొట్టలేదు. "దేవుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పినావు గదరా" అన్నాడు, ఊరికే అడుగుతున్నట్టు. "ఇంగ ఏ ఇంట్లో ఏ వంశం చెప్పినా, నువ్వు చెప్పేది నమ్మేదెట్ల?" కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. 

తిరుగు బస్సులో వెంకటముని వెనక్కి పోయి ఒక్కడే కూర్చున్నాడు. మిట్టల దగ్గర దిగి నడిచినప్పుడు కూడా ముందు ముందే నడిచాడు. గురవమ్మ ఒక మాటన్నా అంటుందని పెంచలయ్య కాచుకున్నాడు. ఆమె కోసమే కదా నాలుక పాడు చేసుకున్నది! ఊరు దగ్గరికొచ్చాక అంది. "రేపు పొద్దున ఇంటికి రా."

*

మంగళవారం వెళ్లేసరికి వాకిట్లో చాప పరిచి ఉంది. గడప పక్కన చేటలో వడ్లు సిద్ధంగా ఉన్నాయి. వెంకటముని కపిలి తొండం ముందేసుకుని, చినిగిన చోట దబ్బనంతో తోలుదారం ఎక్కిస్తున్నాడు.  పెంచలయ్య గంట తియ్యబోయాడు.

"గంటొద్దు" అంది గురవమ్మ. "కూర్చోని చెప్పు. ఎడమచేతిది."

పెంచలయ్య గంటను సంచిలోకి జారవిడిచాడు. "తల్లీ, నీకు..."

"నాకు తెలుసు. కాపురానికొచ్చిన ఏడే మా అత్త చెప్పింది, ఎవురి నోటా రానీయొద్దని. వాడి పెండ్లి కుదిరినాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోని నేనే చెబుదామనుకున్న్యా. చెంగమ నాయుడు మీ తాతను కన్నోడు కాదురా, అంతకంటే పెద్దోడు అని చెబుదామనుకున్న్యా." ఆమె కొడుకు వైపు చూసింది.  "ఆ నల్లకోటాయన చెప్పినాడు వాడికి. నూరుమంది ముందర, తిట్టినట్టు చెప్పినాడు. రాత్రి నా కొడుకు నన్నడిగినాడు, నీకు తెలిసీ నాకు చెప్పలేదా అని. ఏం చెప్పేది నేను?"

"నన్ను మోసం చేసినాడమ్మా. పెండ్లని అడిగినాడు. నేను మంచికే..."

"మంచికే చెప్పింటావు. శుక్రవారం బాయి కాడ నా సంగటి ముందర పెట్టుకోని, అప్పుడన్నా చెప్పుంటే, మూడు దినాలుండె నాకు. నా బిడ్డకు నేను చెప్పుకోనుందును గదా."

పెంచలయ్య ఏడ్చాడు. ఆ మాటకు ఏడవడం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు. ఆమె ఆపమనలేదు, ఓదార్చలేదు. కళ్లు తుడుచుకునేదాకా ఊరుకుని, "మా అత్తకు పేర్లు తెలీవు. కరువులో వచ్చిందని తప్ప ఏమీ తెలీదు. నీకు తెలుసు. చెప్పు" అంది.

ఎడమ చెయ్యి కండువాలోంచి బయటికి తీశాడు. పగటి వెలుతుర్లో, మనుషుల ముందర ఆ చెయ్యి చాపి వరస చెప్పడం అదే మొదలు. గొంతెత్తలేదు.

"నాయుడుపేటకు పడమటి పక్కన ఒగ పల్లె. చెంచయ్య అని ఒగ సేద్యగాడు. ఆయన పెండ్లాం పోలేరమ్మ. బిడ్డలు ముగ్గురు. ధాత ఏట కయ్యిలు ఎండినాయి, గొడ్లు చచ్చినాయి. ఐదుమందీ నడిచినారు. పెద్ద బిడ్డ కాళాస్తిరి కాడ పోయింది. నడిపోడు స్వర్ణముఖి ఇసుకలో పోయినాడు. చెంచయ్య రేణిగుంటకు ముందర ఒగ చింతమాను కింద కూర్చోని, మీరు పోతా ఉండండి, నేను వస్తా అన్నాడంట. రాలేదు. తిరపతిలో గంజి కాడ తొక్కులాట. ఆడ నిలబడలేక ఆయమ్మ చంద్రగిరి మీదుగా ఇట్ల నడిచింది. ఇదంతా పోలేరమ్మే మా తాతకు చెప్పింది, కయ్యి గట్టున కూర్చోని. ఈ పేర్లు యాడా పోగూడదు, నీ కాడ పెట్టుకో అనిందంట."

దబ్బనం ఆగింది. వెంకటముని మొదటిసారి తలెత్తాడు. "మునెప్పకు ముందర పేరేంది?" అన్నాడు.

"పేరు లేదబ్బయ్యా. కొండకు పోయి పుట్టెంటికలు తీయించి పేరు పెడదామని ఉంచుకున్న్యారంట. ఆ మొక్కు తీరలేదు. మునెప్ప అనే పేరు చెంగమ నాయుడే పెట్టినాడు."

వెంకటముని తొండం పక్కకు పెట్టాడు. ఎడమ చెయ్యి తెరిచి, బొటనవేలు చిటికెన వేలి కణుపు మీద పెట్టుకున్నాడు. "చెంచయ్య. పోలేరమ్మ. పెద్ద బిడ్డ... రేణిగుంట కాడ."

"కాళాస్తిరి కాడ."

"పెద్ద బిడ్డ కాళాస్తిరి కాడ. నడిపోడు స్వర్ణముఖి ఇసుకలో. చెంచయ్య రేణిగుంటకు ముందర. మునెప్ప. దొరసామి. నేను." మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాడు. రెండోసారి తప్పు పోలేదు. మూడోసారి పెదాలు కదిలాయి గాని గొంతు బయటికి రాలేదు.

గురవమ్మ చేట తీసుకుని లేచింది. పెంచలయ్య కండువా పట్టాడు. వడ్లు ఎప్పటిలాగే నిండుగా పోసింది, చేటకు అంటుకున్నవి కూడా వేళ్లతో దులిపి పోసింది. పోశాక అంది.

"ఇంగ మా ఇంటికి రావద్దు పెంచలయ్యా."

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నీకోసరం కదా తల్లీ దేవుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పింది" అన్నాడు.

"చెప్పినావు. నీళ్లు నిలబెట్టినావు. చచ్చేదాకా మర్చిపోను. అయినా ఆయప్ప పెండ్లి అంటే నిజం చెప్పినావు, నా మొగం చూసి అబద్ధం చెప్పినావు. రేపు ఇంకెవురో ఇంకేందో అంటారు. మా పేర్లు నీ నోట్లో ఉంటే నాకు భయం. మావి మేమే చెప్పుకుంటాం. మా పేర్లు నీ వరసలోనించి తీసెయ్యి."

"తీసేదెట్ల తల్లీ?" పెంచలయ్య రెండు చేతులూ చూసుకున్నాడు. "మా నాయన నేర్చుకునేది నేర్పినాడు. మర్చిపోయేది నాకు రాదు."

"అది నీ తిప్పలు, పెంచలయ్యా" అంది గురవమ్మ. విసురు లేకుండా, ఉన్నమాట చెప్పినట్టు అంది. చేట గోడకు ఆనించి, పార అందుకుంది. "పొద్దెక్కింది, లేరా. ఈ దినం వంతు మనది."

వెంకటముని తొండం భుజాన వేసుకుని, ఎడ్లను విప్పుకుని తల్లి వెనక నడిచాడు. పెంచలయ్య వడ్లు మూటగట్టి, నెత్తికెత్తడానికి ఎవరన్నా ఒక చెయ్యి వేస్తారేమోనని కాసేపు చూశాడు. ఎవరూ లేరు. తానే వంగి ఎత్తుకుని పాకాల దోవ పట్టాడు.